కదలని ముల్లు

ఆ ఎండాకాలం మా అమ్మకి లోకంలో ఒక్కరే శత్రువు. పద్నాలుగు ఇనప మెట్లు.

లారీల యార్డులో వేబ్రిడ్జి క్యాబిన్‌కి ఎక్కే మెట్లవి. కింద లారీ వచ్చి ఇనప ప్లాట్‌ఫాం మీద నిలబడుతుంది. పైన గాజు కిటికీ వెనక మా అమ్మ బరువు చూసి చీటీ కొట్టి ఇస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఈ పంతొమ్మిదేళ్ళలో ఆమెని మోసం చేసే డ్రైవరు పుట్టలేదు, పుట్టినా వాడికింకా లైసెన్సు రాలేదు. వెనక చక్రం అంగుళం బయట పెట్టినా పట్టేసేది. లోడు లారీలో క్లీనర్ని పడుకోబెట్టి దుప్పటి కప్పి తూకానికి తెస్తే, "ఆ దుప్పటిని కిందకి దిగమను నాయనా, గురక పెడుతోంది" అని పైనుంచి కేకేసేది. ఆ కేకకి రెండు వీధుల అవతల ఆపిన బళ్ళు కూడా వాటంతట అవే పక్కకి జరిగేవంటారు. అంటారంటే, నేనే అంటాను.

అలాంటి మనిషి ఆ ఏడు ఏడో మెట్టు దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టింది. ఏడో మెట్టు మీద నిలబడి, పక్కన కమ్మీ పట్టుకుని, దూరంగా ఏదో చూస్తున్నట్టు నటించేది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. గోడ ఉంది.

రెండు మోకాళ్ళూ అరిగిపోయాయన్నాడు సర్జను. మార్చాల్సిందే, కానీ తొంభై రెండు కిలోలతో నేను కత్తి పట్టను, ఎనభై ఐదుకి దిగి రండి, అప్పుడు డేటిస్తాను అన్నాడు. మేనేజరు ఇంకోటన్నాడు. "వానలు పడేలోపు ఆపరేషన్ డేటు తెచ్చి చూపించండి మేడం, సెలవిస్తాను, మీ కుర్చీ మీకే ఉంటుంది. లేదంటే పైకి ఇంకొకర్ని పెట్టి, మీకు కింద గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. మీ మంచికే."

మీ మంచికే అన్నప్పుడల్లా మా ఇంట్లో ఎవరికో ఏదో ఊడుతుంది. అది లెక్క.

అలా మేం బరువు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చాలా అడిగింది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, ఎప్పుడైనా క్లోమం వాచిందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా, వేరే మందులేమైనా వాడుతున్నారా. అమ్మ అన్నిటికీ లేదు లేదు అంటూ పోయింది. పక్కన కూచున్న నేను కూడా తలూపాను. రోజూ పొద్దున్న వేసుకునే బీపీ మాత్ర మా ఇద్దరికీ గుర్తు రాలేదు. గుర్తు రాలేదంటే, అది మా ఇంట్లో మందు కాదు. పళ్ళపొడి లాంటిది. పొద్దున్నే నోట్లో వేసుకునే వస్తువు.

"వారానికో ఇంజెక్షను. నాలుగు వారాలు చిన్న డోసు. తర్వాత నా దగ్గరికి రావాలి. పెంచాలా వద్దా అన్నది నేను చూసి చెబుతాను," అంది డాక్టరమ్మ. "దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. వాంతులు ఆగకపోయినా, కడుపులో బాగా నొప్పొచ్చినా మందు ఆపి ఫోన్ చెయ్యాలి. ఒక్కొక్క మెట్టే ఎక్కాలమ్మా, రెండేసి దూకకూడదు."

"మెట్ల సంగతి నాకు చెప్పకండి డాక్టరమ్మా," అంది మా అమ్మ.

మందులషాపాయన చీటీ చూసి రెండు డబ్బాలు బయటికి తీశాడు. ఈ నెలది చిన్న డోసు, వచ్చే నెలది పెద్దది. చీటీలో రెండోదాని పక్కన 'చూపించాక' అని రాసి ఉంది. "రెండోది అప్పటికి దొరకదమ్మా, స్టాకు రావట్లేదు. ఇప్పుడే తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పడెయ్యండి, అదేం మిమ్మల్ని అన్నం పెట్టమని అడగదు," అన్నాడు. మేం పడేశాం. కోడిగుడ్ల పక్కన, నీలం డబ్బా ఒకటి, ఎర్ర డబ్బా ఒకటి.

మొదటి ఇంజెక్షను ఆదివారం పొద్దున్న. పెన్నులా ఉంటుంది, పొట్టకి ఆనించి నొక్కడమే. మా నాన్న గోడలకి రంగులేస్తాడు. నాలుగో అంతస్తు బయట తాడుకి వేలాడుతూ టీ తాగే మనిషి. ఆయన సూది చూసి, రంగు వెలిసిన గోడలా అయిపోయి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ తనే నొక్కుకుంది. "అయిపోయిందా? ఇంతేనా?" అని నిరాశపడింది.

*

ఇప్పుడు నా గురించి చెప్పాలి. చెప్పకపోతే బాగుండును.

అప్పటికి డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నేను ఖాళీగా ఉండటం మా వీధికి ప్రమాద హెచ్చరిక. నాన్న రంగు డబ్బాల మీద చీటీలు మార్చి, ఒక రిటైర్డ్ జడ్జిగారి పడగ్గదిని ముదురు గులాబీలో ముంచిన చరిత్ర నాది. ఆయన ఇప్పటికీ ఆ గదిలోనే పడుకుంటాడట, కోపం మాత్రం తగ్గిందట.

మా పడగ్గది మూల గుండ్రటి కాటా ఒకటుంది. మనిషెక్కితే ముల్లు తిరిగే రకం. దాని ముందువైపు అడుగున చిన్న పళ్ళచక్రం ఉంటుంది, సున్నా సరిచెయ్యడానికి. ఒక పన్ను తిప్పితే ముల్లు కిలో జరుగుతుంది.

రెండో ఆదివారం అమ్మ కాటా ఎక్కింది. ముల్లు కనపడలేదు. "అద్దాలు మర్చిపోయానే," అని దిగి వెళ్ళింది. నాకు మాత్రం కనపడింది. తొంభై ఒకటి. ఆమె అద్దాలు తెచ్చుకునేలోపు నా బొటనవేలు ఆ చక్రాన్ని ఒక పన్ను తిప్పేసింది. నేను తిప్పలేదు, బొటనవేలు తిప్పింది. మేమిద్దరం వేరు.

పట్టేసుకుంటుందనే తిప్పాను. నిజం. ఖాళీ ప్లాట్‌ఫాం సున్నా చూపించకుండా లారీని ఎక్కనివ్వని మనిషి ఆమె. రోజూ పొద్దున్నే క్యాబిన్ తెరవగానే మొదటి పని సున్నా చూడటం. ఇప్పుడు ఖాళీ కాటా మీద ముల్లు ఒకటి దగ్గర నిలబడి ఉంది. చూస్తుంది, చెవి మెలిపెడుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నాను.

అమ్మ అద్దాలు పెట్టుకుని, సున్నా వైపు చూడకుండా ఎక్కేసింది.

"తొంభై రెండే," అంది. "కదల్లేదు."

"మొదటి వారమే కదమ్మా," అన్నాను.

"అవునులే."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. కానీ నా బుర్ర ఖాళీగా ఉంది కదా, అందులోకి ఒక గొప్ప ఆలోచన వచ్చి కూచుంది. వారం వారం ఎంత తగ్గితే అంత తిప్పి దాచేస్తాను. డాక్టరమ్మకి చూపించే రోజు పొద్దున్న చక్రాన్ని ఒక్కసారి వెనక్కి తిప్పేస్తాను. అమ్మ ఎక్కుతుంది, ఒక్క రాత్రిలో నాలుగు కిలోలు మాయం. ఆమె కెవ్వుమంటుంది, నాన్న వంటింట్లోంచి పరిగెత్తుకొస్తాడు. పిల్లలు చిల్లర దాచుకుని పండక్కి డబ్బా పగలగొట్టినట్టు, అమ్మ తగ్గిన కిలోలు నేను దాచిపెడతాను.

బహుమతి అనుకున్నాను దాన్ని.

*

మూడో వారం మధ్యాహ్నం క్యాబిన్‌కి కేరేజీ తీసుకెళ్ళాను. ఇనప డబ్బా లాంటి గది, మూడు వైపులా గాజు, పైన రేకు. ఫ్యాను తిరుగుతోంది కానీ అది గాలి కాదు, బయటి ఎండని ముక్కలు ముక్కలుగా కోసి మనమీద వేస్తోంది. కాళ్ళు చాపుకుని కూచుంది అమ్మ. ముందు రోజు కేరేజీ అలాగే ఉంది, మూత కూడా తియ్యకుండా.

"తినలేదా?"

"వాసన చూస్తేనే కడుపులో తిప్పుతోంది. రెండు ముద్దలు తింటే గొంతుదాకా నిండినట్టుంటుంది."

"మందు పనిచేస్తోందన్నమాట."

"పనిచేస్తే ముల్లు కదలాలి కదే."

నేను కిటికీలోంచి గోడ చూశాను. ఏడో మెట్టు మీద నుంచి ఆమె చూసే గోడే. చాలా ఆసక్తికరమైన గోడ.

నీళ్ళ సీసా కూడా నిండుగానే ఉంది. "నీళ్ళు తాగమంది కదా డాక్టరమ్మ?" అన్నాను.

"తాగితే దిగాలి. దిగితే ఎక్కాలి." బాత్రూం కింద, గేటు పక్కన. పద్నాలుగు దిగాలి, పద్నాలుగు ఎక్కాలి. "పొద్దున వచ్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒకసారి. మధ్యలో నాకా రాజభోగం వద్దు."

కింద హారన్ మోగింది. ఆ డ్రైవర్ని అందరూ హారన్ అనే పిలుస్తారు. నోటితో చెప్పగలిగింది కూడా హారన్‌తోనే చెబుతాడు.

"అక్కా, ఎంతొచ్చింది?" అని తల బయటపెట్టి అరిచాడు.

"మూడొందల కిలోల తరుగు. మళ్ళీ పో."

"ఇప్పుడే పోవాలా?"

"ఈ రోజు తరుగు ఈ రోజే సర్దాలి. రేపటికి పెడితే ఎవడి లెక్క ఎవడికి? పోయి చిన్న ట్రిప్పు వేసుకునిరా."

అదీ ఆ యార్డు పద్ధతి. ఒప్పుకున్న బరువుకి తక్కువొస్తే, అదే రోజు ఇంకో చిన్న ట్రిప్పుతో ఆ తరుగు నింపాలి. పంతొమ్మిదేళ్ళుగా అమ్మ చెప్పే మాట అది. "తరుగు సర్దు." ఇంట్లో చారులో ఉప్పు తక్కువైనా అదే మాట, నాకు పరీక్షలో మార్కులు తక్కువైనా అదే మాట.

హారన్ రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. ఒకటి సరే అని, ఇంకోటి ఛీ అని.

*

నాలుగు వారాలూ అయ్యాయి. ఎల్లుండి డాక్టరమ్మకి చూపించాలనగా క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. ఆవిడ సెలవులో ఉన్నారు, పదిహేడు రోజులు ఆగి రండి అని. ఫోను తీసింది నేనే. మా తమాషాకి గడువు పెరిగిందని లోపల్లోపల సంబరపడ్డాను కూడా. అప్పటికి చక్రం నాలుగు పళ్ళు తిరిగి ఉంది.

నీలం డబ్బా అయిపోయింది. ఆ ఆదివారం అమ్మ కాటా ఎక్కింది, అద్దాలకి దిగింది, మళ్ళీ ఎక్కింది. తొంభై రెండు. దిగలేదు. అలాగే నిలబడిపోయింది. మనిషి ముఖం పీక్కుపోయి ఉంది, నైటీ భుజాల మీంచి జారుతోంది. కళ్ళున్న వాళ్ళెవరికైనా తెలుస్తుంది తగ్గిందని. కానీ ఆమెకి కళ్ళమీద నమ్మకం లేదు. మనుషులు అబద్ధం చెబుతారు, కళ్ళు అబద్ధం చెబుతాయి, కాటా చెప్పదు. ఆమె బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

"ఏం ఒళ్ళో ఇది," అంది. "తిండి మానేశాను. నీళ్ళు మానేశాను. వారానికి రెండ్రోజులు కక్కుకుంటున్నాను. గాలి పీల్చినా పెరుగుతానేమో నేను."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అమ్మా," అన్నాను.

"ఊఁ?"

ఇంకా రెండు వారాలే కదా అనుకున్నాను. ఇప్పుడు చెబితే సగం పొంగిన పాలు దించినట్టు అనుకున్నాను. రెండు వారాలయ్యాక ఎంత సంతోషపడుతుందో కదా అనుకున్నాను.

"ఏం లేదు. టీ పెట్టనా?"

"వద్దు. వాసన పడట్లేదు."

ఆ రోజు ఎర్ర డబ్బాలోంచి ఒకటి తీసి పొడుచుకుందని నాకు తెలీదు. తర్వాతి ఆదివారం ఇంకోటి తీసుకుంది. మూడు రోజులు ఆగి, ముల్లు కదలనందుకు, బుధవారం పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు మరోటి. అదీ నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా, ఆ రోజు నుంచి బకెట్టు మంచం పక్కకి వచ్చింది.

"వేడి చేసింది," అంది అమ్మ. మేం నమ్మాం. అంత ఎండలో ఎవరికి వేడి చెయ్యదు? మా వీధిలో కాకులు కూడా ఎగరడం మానేసి నడుస్తున్నాయి. నాన్న మాత్రం ఒకసారి "డాక్టరుకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు. ఆయన ఏడాదికి లీటరు మాటలు మాట్లాడే మనిషి, అందులోంచి మూడు చెంచాలు ఖర్చుపెట్టాడు. "ఆవిడ సెలవులో ఉంది," అన్నాను నేను.

*

శుక్రవారం పదకొండు గంటలకి హారన్ ఫోను చేశాడు. ఆ రోజు హారన్ లేకుండా నోటితో మాట్లాడాడు, అందుకే భయమేసింది.

కక్కుకోవడానికి కిందికి దిగిన అమ్మ, మళ్ళీ ఎక్కుతూ మెట్ల మీద పడిపోయింది. ఏడో మెట్టు కాదు, మూడో మెట్టు. అంతవరకే ఎక్కగలిగింది. లారీని ప్లాట్‌ఫాం మీదే వదిలేసి, వెనక ఎనిమిది బళ్ళు అరుస్తుంటే, తను, ఇంకో ఇద్దరు డ్రైవర్లు కలిసి కారులో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకొచ్చారట.

మేం వెళ్ళేసరికి చేతికి సెలైను ఎక్కుతోంది. పెదాలు అట్ట కట్టినట్టున్నాయి. అమ్మ మమ్మల్ని చూసి, "బండి ప్లాట్‌ఫాం మీదే ఉంది, ఎవరైనా తీయించారా?" అంది. అదీ ఆమె మొదటి మాట.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏం మందులు వాడుతున్నారు?" అన్నాడు.

"వారానికో ఇంజెక్షను, బరువుకి."

"చివరిది ఎప్పుడు?"

"బుధవారం," అంది అమ్మ.

"ఆదివారం కదమ్మా," అన్నాను.

"ఆదివారం ఒకటి. బుధవారం ఇంకోటి. ఎర్ర డబ్బాలోవి."

డాక్టరు రాస్తున్నది ఆపాడు. "ఎవరు చెప్పారు మీకలా వేసుకోమని?"

"ఎవరు చెప్పాలి? ఆరు వారాలైంది, గ్రాము కదల్లేదు. తరుగు పడింది. సర్దాను." ఇంత పొడుగు మాట చెప్పి ఆయాసపడింది. "వానలొచ్చేస్తున్నాయి బాబూ. నాకు డేటు కావాలి."

నాన్న నా వైపు చూశాడు, నువ్వు చూసుకోవట్లేదా అన్నట్టు. నేను సెలైను సీసా వైపు చూశాను. చుక్కలు పడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు.

అప్పుడు నర్సొచ్చింది. మందు లెక్క కట్టడానికి బరువు కావాలట. కుర్చీకాటా ఒకటి తోసుకొచ్చింది, కూచుంటే అంకెలు చూపించేది. నాన్న, నర్సు కలిసి అమ్మని అందులో కూచోబెట్టారు.

"ఎనభై ఆరు," అంది నర్సు.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఎంత?"

"ఎనభై ఆరమ్మా."

"మీ కాటా తప్పు సిస్టర్."

"మొన్ననే సరిచూశారమ్మా."

"ఎవరు చూశారు? సున్నా పెట్టారా? బరువు రాళ్ళు పెట్టి చూశారా?" సెలైను చెయ్యి ఊపుతూ లేవబోయింది. "నేను పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను సిస్టర్. కాటా తప్పైతే నాకు తెలుస్తుంది. మా ఇంటి కాటా మొన్న ఆదివారం కూడా తొంభై రెండు చూపించింది. ఏం, మా కాటా అబద్ధం చెబుతుందా?"

నర్సు పాపం నవ్వింది. డాక్టరు కాగితం వైపు చూస్తున్నాడు. నాన్న "పోనీలే" అంటున్నాడు. అమ్మ నా వైపు తిరిగింది, సాక్ష్యానికి.

"చెప్పవే. నువ్వు కూడా చూశావు కదా."

"వీళ్ళది కరెక్టే అమ్మా," అన్నాను. "మనది నేను తిప్పాను. కింద చక్రం."

పక్క మంచం మీద ముసలాయన దగ్గుతున్నాడు.

అమ్మ చాలాసేపు నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి ఆమె దగ్గర ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు, డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నవి, వాళ్ళకి తిరిగి నేర్పినవి.

"ఎన్ని పళ్ళు?" అంది.

"ఆరు."

తల ఊపింది. మనసులో తీసివేత చేసుకున్నట్టుంది. తర్వాత నర్సుతో, "సారీ సిస్టర్, మీది కరెక్టే," అని కళ్ళు మూసుకుంది.

*

నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. ఆ మందు అంత తొందరగా ఒంట్లోంచి పోదట. లోపలికెళ్ళినదాన్ని బయటికి తియ్యడం ఎవరివల్లా కాదు, అదే తగ్గేదాకా ఆగాలి. అమ్మ కక్కుతూ ఉంది, నేను బకెట్టు కడుగుతూ ఉన్నాను. నీళ్ళు లేక కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని, అదృష్టం బాగుండి తిరుగుముఖం పట్టాయని చెప్పారు.

మూడో రోజు బరువు డాక్టరమ్మ వచ్చింది, సెలవు నుంచి నేరుగా. ఫైలు తిరగేసింది.

"బీపీ మాత్ర వాడుతున్నారా? ఇది ఒంట్లో నీరు లాగేసే రకం. నాకెందుకు చెప్పలేదు?"

"అది మందా?" అంది అమ్మ.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూచుంది. అలిసిపోయిన మనిషి కూచున్నట్టు. "నీళ్ళు తాగలేదు. నీళ్ళు లాగే మాత్ర వేసుకున్నారు. వాంతులైనా ఆపలేదు. పెద్ద డోసు నన్నడక్కుండా మొదలుపెట్టారు, వారంలో రెండుసార్లు వేసుకున్నారు. నేను లేకపోతే నా బదులు ఇంకో డాక్టరుంటారు, చీటీ కింద నంబరు కూడా ఉంది."

చీటీ కింద ఎవరు చదువుతారు? మేం పైన పేరు కూడా సరిగ్గా చదవలేదు.

"నా వల్లే డాక్టరుగారూ," అన్నాను. మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. మా ఇంటి చుట్టుపక్కల ఆ వారం నన్ను తిట్టే మనుషులకి కరువొచ్చింది.

"కాటా తప్పు చూపించినా, ముల్లు నిజంగానే కదలకపోయినా, డోసు పెంచేది నేను," అంది అమ్మతో. "ముల్లు కాదు." నాతో మాత్రం వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క మాటంది. "ఆవిడ నిజంగానే తగ్గింది. అందులో కొంత ఒంట్లో నీరు పోవడం వల్ల అనుకో. కానీ మొదటి నెలే నాలుగు కిలోలు తగ్గింది. అది బాగా తగ్గడమే."

ఆ మాట ఆస్పత్రి మెట్లమీద కూచుని ఏడవడానికి నాకు సరిపోయింది. సర్జను అడిగింది ఎనభై ఐదు. ఆమె తిన్నగా, నెమ్మదిగా అక్కడికే వెళుతోంది. దారిలో ఉన్నావని ఆమెకి చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా నాన్న కాటాని తీసుకెళ్ళి బాల్కనీలో రంగు డబ్బాల కింద పెట్టాడు. రాత్రి భోజనం దగ్గర, "నవ్వించాలనే చేశావులే," అన్నాడు. కాసేపాగి, "నవ్వు రాలేదు," అన్నాడు. ఆ ఏడాది లీటరు అక్కడితో అయిపోయింది.

కిడ్నీలు కుదుటపడేదాకా ఇంజెక్షను లేదు, ఆపరేషను మాట అసలే లేదు. వానలు పడ్డాయి. మేనేజరు కుర్చీ వేయించాడు గేటు దగ్గర, రేకు కింద. పైకి ఒక కుర్రాణ్ణి ఎక్కించాడు. మంచి కుర్రాడే. సున్నా కూడా చూసేవాడు. కానీ చెవుల్లో పాటలు పెట్టుకుంటాడు. ఎన్ని దుప్పట్లు గురక పెట్టినా వాడికి వినపడవు.

అమ్మ కింద కూచుని వచ్చే బళ్ళ నంబర్లు రాసుకునేది. వెనక చక్రం అంగుళం కాదు, జానెడు బయట ఉన్నా కనపడుతూనే ఉంది ఆమెకి. ఏమీ అనేది కాదు. ఒకరోజు హారనే బండి దిగొచ్చాడు. "అక్కా, ఆ ముందున్న బండి చక్రం చూశావా?"

"చూశాను."

"మరి అరవ్వేం?"

"నా పని నంబర్లు రాసుకోవడం నాయనా."

"నువ్వు అరవకపోతే యార్డంతా చచ్చిపోయినట్టుందక్కా," అన్నాడు. ఆమె నంబరు రాసుకుంది. వాడు బండెక్కి వెళ్ళిపోయాడు. హారన్ కొట్టలేదు.

నాతో కూడా అంతే. మాట్లాడేది, ఎందుకు మాట్లాడదు. కేరేజీ అక్కడ పెట్టు. తలుపు వెయ్యి. రిజల్ట్స్ ఎప్పుడు. అన్నీ చెప్పేది. నేను ఏదైనా చెబితే మాత్రం, "మీ నాన్నని కూడా చూడమను," అనేది. గ్యాసు కట్టేశానన్నా అంతే, గడియారంలో టైమెంతో చెప్పినా అంతే. కోపంగా కాదు. కాటా పాడైతే రెండో కాటా మీద సరిచూసుకుంటాం కదా, అలా. నేను కూడా వంటింట్లో ఉన్న నాన్నని పిలిచేదాన్ని. ఆయన వచ్చి గడియారం చూసి, "ఐదున్నరే," అని వెళ్ళిపోయేవాడు. ఆ వానాకాలం నేను ఒక్క తమాషా కూడా చెయ్యలేదు. వీధిలో వాళ్ళు నాకు ఒంట్లో బాలేదేమోనని పలకరించి వెళ్ళారు.

*

వానలు సగం పడ్డాక, రక్త పరీక్షలన్నీ చూసి, డాక్టరమ్మ మళ్ళీ మొదలుపెడదామంది. బీపీ మాత్ర మార్చింది. మళ్ళీ మొదటి మెట్టు, నీలం డబ్బా, అన్నిటికన్నా చిన్న డోసు. ఎర్ర డబ్బాలో మిగిలింది తనే తీసేసుకుంది. బరువు ఇంట్లో చూడొద్దు, నెలకోసారి ఇక్కడే చూద్దాం అంది. "ఇంట్లో మందు ఎవరు చూసుకుంటారు?" అనడిగింది. అమ్మ నాన్న వైపు చూసింది. సూది మాట వినగానే నాన్న అప్పటికే గోడకి చేరబడ్డాడు.

"ఇదే," అంది నన్ను చూపిస్తూ. "ఇంకెవరున్నారు."

ఆదివారం పొద్దున్న, బయట వాన. అమ్మ మంచం మీద కూచుంది. నేను డబ్బా తీశాను. పేరు చదివాను, డోసు చదివాను, తారీఖు చదివాను. చీటీ కింద ఉన్న నంబరు కూడా చదివాను.

"మళ్ళీ చదువు," అంది.

మళ్ళీ చదివాను. ఈసారి నాన్నని పిలవమనలేదు.

"వెయ్యి," అంది. తను వేసుకోనంది, చెయ్యి వణుకుతోందంది. నేను పెన్ను పొట్టకి ఆనించాను. నొక్కాను. టిక్కుమంది. పది అంకెలు లెక్కపెట్టి తీశాను.

అమ్మ "అమ్మో" అంది. కళ్ళు పైకి తిరిగాయి. మంచం మీద వెనక్కి పడిపోయింది, చెయ్యి ఒకటి పక్కకి వేలాడుతూ.

నాకు అరుపు రాలేదు. చేతిలో పెన్ను పట్టుకునే నేలమీద కూలబడ్డాను. చీటీ ఎక్కడుందో, నంబరు ఎంతో, ఇప్పుడే రెండుసార్లు చదివిన నంబరు, ఒక్క అంకె గుర్తు రావట్లేదు.

వేలాడుతున్న చెయ్యి నా నెత్తిమీద మెల్లగా ఒక మొట్టికాయ వేసింది.

చూశాను. అమ్మ ఒక కన్ను తెరిచి ఉంది.

"నీ ఒక్కదానికే వచ్చనుకున్నావా?" అంది.

నేను నవ్వలేదు. నవ్వాలని చూశాను, ఏడుపొచ్చింది, ముక్కు కారింది. అమ్మ నన్ను చూస్తూ అలాగే పడుకుంది.

"ఎలా ఉంది?" అంది.

"బాలేదు."

"ఊఁ," అంది. "నాకూ బాలేదు."

బయట వాన ఒకటే శబ్దం. వంటింట్లోంచి నాన్న "ఏమైంది?" అని అడిగాడు.

"లే," అంది అమ్మ, మోకాళ్ళు రుద్దుకుంటూ లేచి కూచుని. "నీళ్ళు తీసుకురా. తాగాలట కదా."

వంటింట్లోకి వెళ్ళి జగ్గు, ఖాళీ గ్లాసు పట్టుకొచ్చాను. ఆమె చూస్తుండగానే పోశాను, అంచు దాకా.